పరగడుపున కొండ దిగమంటే ఎలా?

సంపాదకుడికి నమస్కారం.

షుగర్ పట్నపోళ్ళ జబ్బని మా ఏజెన్సీలో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. రోజూ కొండలెక్కి దిగేవాళ్ళకి షుగరేమిటని డాక్టర్లలోనూ కొందరంటారు. ఆ మాట నమ్మి మా పెద్దమ్మ విషయంలో రెండేళ్ళు పోగొట్టుకున్నాం.

ఆవిడకి అరవై దాటాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరుకి పైన, జీపు ఆగిన చోటు నుంచి గంటన్నర నడవాల్సిన ఊరు. అరికాల్లో ముల్లు విరిగి మూడు రోజులున్నా ఆవిడకి తెలియలేదు. చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతోంది. ఇక లాభం లేదని ఆస్పత్రికి తీసుకెళ్తే, రేపు పరగడుపున రమ్మన్నారు. మర్నాడు నాలుగింటికే లేచి, గుక్కెడు అంబలైనా తాగకుండా కొండ దిగింది. రక్తం తీసేసరికి పది దాటింది. "టిఫిన్ చేసి రెండు గంటలాగి మళ్ళీ రా అమ్మా" అన్నారు. ఎక్కడ చెయ్యాలి? గేటు ముందు బజ్జీల బండి ఒక్కటే ఉంది. రెండు బజ్జీలు తిని చెట్టుకింద పడుకుంది.

నిజానికి ఇంత దాహం లాంటి లక్షణాలున్నవాళ్ళకి ఏ వేళప్పుడు చూసినా 200 దాటితే షుగరే అని తేల్చొచ్చు. వేలి చుక్కతో ఊళ్ళోనే పట్టుకోవచ్చు.

పదిహేను రోజుల మాత్రలిచ్చారు. అంటే నెలకి రెండుసార్లు దిగాలి. కాఫీ కోతల్లో దిగితే ఆ రోజు కూలి పోయినట్టే. మూడోసారికి ఆవిడ వెళ్ళలేదు. 'మందులు సరిగ్గా వాడని రోగి' అని రాసుకునే ఉంటారు.

తిండి సంగతి మరీ విచిత్రం. అన్నం తగ్గించి చపాతీలు తినమన్నారు. మా ఊళ్ళో గోధుమపిండి ఎవరింట్లో ఉంటుంది? పోడులో చోళ్ళు (రాగులు), సామలు పండించుకు తిన్నవాళ్ళమే, రేషన్ బియ్యం వచ్చాక మూడు పూటలా అన్నానికి అలవాటు పడ్డాం. చోడి జావైనా ఎంతంటే అంత తాగితే షుగర్ పెరుగుతుంది. ఎంత తాగాలో, దాంతో ఏం తినాలో మా భాషలో చెప్పేవాళ్ళు కావాలి.

పరగడుపు గొడవ లేకుండా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది కదా అంటారు. అక్కడే ఇంకో చిక్కు. గిరిజనుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఎక్కువ. ఆ జబ్బున్నవాళ్ళ ఎర్ర రక్తకణాలు తొందరగా నశిస్తాయి కాబట్టి ఈ పరీక్షలో షుగర్ ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. అందులో పరీక్ష చేసి ఇచ్చే సికిల్ సెల్ కార్డు చూశాకే షుగర్ రిపోర్టు చదవాలన్న సంగతి కింది స్థాయి దాకా చేరాలి.

ఇన్సులిన్‌కి ఫ్రిజ్ ఉండాలి, మీ ఊళ్ళో కుదరదని ఇంకొకాయనకి చెప్పారట. వాడకం మొదలుపెట్టిన సీసా మామూలు గది చల్లదనంలో సుమారు నాలుగు వారాలు ఆగుతుంది. ఎండాకాలం తడి ఇసుకలో కుండ పెట్టి అందులో దాచుకోవచ్చు. లంబసింగి పక్కన ఉండే మాకు చల్లదనానికి కరువా!

నేనడిగేది కొత్త ఆస్పత్రి కాదు. వారం వారం సంతకి కొండల మీద జనమంతా దిగుతారు. ఉప్పు, ఎండుచేపలు అమ్మే వరస పక్కన ఒక బల్ల వేసి, గ్లూకోమీటరు, స్ట్రిప్పులతో ఒక నర్సమ్మని, మా మాట వచ్చిన ఒక ఆశా కార్యకర్తని కూర్చోబెట్టాలి. నిలకడగా ఉన్నవాళ్ళకి నెలా రెండు నెలల మందులు ఒకేసారి అక్కడే ఇచ్చెయ్యాలి. పెద్దమ్మకిలా అరికాళ్ళు మొద్దుబారాయేమో కూడా చూడాలి. జిల్లా అధికారులు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్ళు తలుచుకుంటే వచ్చే సంతకే మొదలుపెట్టొచ్చు.

పెద్దమ్మ సంతకి ఏ వారమూ మానలేదు. ఆస్పత్రికి మాత్రం రానంటోంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పాడేరు ఏజెన్సీ