నేను రాసుకొచ్చిన రెండు పేజీలు చదవకుండానే నా గోల్ఫ్ ఐరన్లు తయారుచేశారు

మేనేజర్ గారికి,

నమస్తే. మార్చి 9, ఆదివారం ఉదయం 11 గంటలకు మీ హైదరాబాద్ స్టూడియోలో గోల్ఫ్ ఐరన్ల ఫిట్టింగ్‌కు, అంటే నా ఒంటికి, స్వింగ్‌కు తగ్గట్టు క్లబ్బులు కొలిచి చేయించుకోడానికి, అపాయింట్‌మెంట్ తీసుకున్న కస్టమర్‌ని నేను. 6 ఐరన్ నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి షాట్లకు వాడేది) దాకా అయిదు, దాంతోపాటు ఒక శాండ్ వెడ్జ్ (ఇసుక గుంటల్లోంచి కొట్టేది), మొత్తం ఆరు క్లబ్బులు. ఫిట్టింగ్ ఫీజు 6,000, సెట్‌కు 1,38,000 రూపాయలు కట్టాను. మే 2న డబ్బా ఇంటికొచ్చింది. రెండు వారాలు ఆడి చూసి, మీ వాళ్లకు మూడుసార్లు ఫోన్ చేసి, వాట్సాప్‌లో ఫోటోలు కూడా పెట్టాక ఈ లేఖ రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పటిదాకా వచ్చిన జవాబు ఒక్కటే: "కస్టమ్ ఆర్డర్ మేడమ్, రిటర్న్ ఉండదు." దయచేసి ఇది మీరే పూర్తిగా చదవండి, ఫిట్టింగ్ చేసిన అబ్బాయికి ఫార్వర్డ్ చేసి వదిలేయకండి.

నా వయసు 48, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బ్యాంకులో పని చేస్తాను. అయిదేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను, ఇన్నాళ్లూ మా ఆయన పాత ఐరన్లతోనే. అవి మగవాళ్ల ఎత్తుకు చేసినవి, నాకు పొడుగు. నా కోసమని, నా జీతంలోంచి, నా కొలతలతో కొనుక్కుంటున్న మొదటి సెట్ ఇది. రెండేళ్లు దాచాను. కాబట్టి దీన్ని నేను ఎంత సీరియస్‌గా తీసుకున్నానో మీకు తెలియాలి.

ఫిట్టింగ్‌కు ముందు మీ దగ్గర్నుంచి నాకొచ్చింది ఒక్క మెసేజ్. టైము, లొకేషన్, "షూస్ తెచ్చుకోండి", అంతే. ఎలా సిద్ధం కావాలో చెప్పింది మా కోచ్. ఆయన చెప్పినట్టే మూడు వారాలు పని చేశాను. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో ఉన్న కోర్సులో ఆడతాను, మార్చికల్లా అక్కడ నేల గట్టిపడుతుంది, బంతి పడ్డాక చాలా దూరం దొర్లుతుంది. అది క్లబ్ ఇచ్చిన దూరం కాదు, నేల ఇచ్చిన దూరం. అందుకని క్యాడీని (క్లబ్బులు మోసే సహాయకుణ్ణి) ముందుకు పంపి, బంతి గాల్లోంచి ఎక్కడ పడుతుందో అక్కడ గుర్తు పెట్టించి, ఆ క్యారీ దూరాలు మాత్రమే రాసుకున్నాను. 9 ఐరన్ 90 యార్డులు, 8 ఐరన్ 99, 7 ఐరన్ 108, 6 ఐరన్ 110. ఆ చివరి రెండు అంకెలు మళ్ళీ చూడండి. 7కీ 6కీ మధ్య కనీసం ఎనిమిది, పది యార్డుల తేడా ఉండాలి, నాకు రెండే వస్తోంది, అంటే నా స్వింగ్ వేగానికి 6 ఐరన్‌తో బంతి సరిపడా ఎత్తు లేవడం లేదు, ఆ చోట హైబ్రిడ్ (ఐరన్ కన్నా సులువుగా బంతిని పైకి లేపే క్లబ్) పెట్టుకోవడం మేలేమో చూడాలి. ఇది నా కాగితంలో మొదటి పేజీలోనే, కింద గీత గీసి మరీ రాశాను.

రెండో పేజీలో నా తప్పులు రాసుకున్నాను. ప్రాక్టీస్ రేంజ్‌లో 7 ఐరన్‌తో 30 బంతులు కొట్టి లెక్కపెడితే 19 ఎడమకు, 7 నేరుగా, 4 కుడికి. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ ముఖం (బంతికి తగిలే భాగం) వైపు ఉండేలా పెట్టి కొడితే దాని మీద ఆ ముద్ర పడుతుంది. అది నిటారుగా పడితే లై యాంగిల్, అంటే క్లబ్ కర్రకూ నేలకూ మధ్య కోణం, సరిపోయినట్టు. నాది ప్రతిసారీ ఒరిగిపోయింది, ఫోటోలు తీసి పెట్టుకున్నాను. పాత ఐరన్ల అడుగుభాగం కూడా మడమ వైపే అరిగింది, అంటే కొట్టేటప్పుడు క్లబ్ ముక్కు పైకి లేస్తోంది. నిరుడు ఎడమ మణికట్టు నొప్పితో రెండు నెలలు ఆట మానేసిన సంగతి, అందుకే గ్రాఫైట్ షాఫ్టులు (క్లబ్ కర్రలు) కావాలన్న సంగతి, నేను ఆడే బంతి ఏది, గ్లవ్ సైజు ఎంత, బడ్జెట్ ఎంత, అన్నీ రాశాను. చివరి పది రోజులు కోచ్ దగ్గర కొత్త పాఠం ఏదీ తీసుకోలేదు, స్వింగ్ మారుతున్న సమయంలో కొలిస్తే ఆ కొలత నెలకే పనికిరాకుండా పోతుందని. శనివారం అసలు క్లబ్ ముట్టుకోలేదు.

ఇక ఆదివారం సంగతి.

10:30కే వచ్చాను. బయట పావుగంట వార్మప్ చేసుకున్నాను. మీరు మొదలుపెట్టింది 12:40కి. ముందు కస్టమర్‌ది ఆలస్యమైందట, అది ఎవరికైనా జరుగుతుంది, కానీ "ఇంకో గంటన్నర పడుతుంది, తిని రండి" అని ఒక్కరు చెప్పి ఉంటే సరిపోయేది. "అయిదు నిమిషాలు మేడమ్" అంటూ ఏసీ గదిలో కూర్చోబెట్టారు. చేసిన వార్మప్ అంతా పోయి, ఒళ్ళు బిగుసుకుపోయి, ఆకలితో మొదలుపెట్టాను. నా రెండు పేజీలు ఇస్తే ఆ అబ్బాయి "సరే మేడమ్" అని తీసుకుని ల్యాప్‌టాప్ కింద పెట్టాడు. మూడు గంటలకు నేను బయటికొచ్చేదాకా అవి అక్కడే ఉన్నాయి. ప్రశ్నలు మాత్రం అడిగాడు, నన్ను కాదు, తోడొచ్చిన మా ఆయన్ని. "సార్, మేడమ్ ఎంత దూరం కొడతారు?" "సార్, బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు?" మా ఆయన రెండుసార్లు "ఆవిణ్ణే అడగండి" అన్నారు. తర్వాత కూడా మారలేదు. ఇది నన్ను చాలా బాధపెట్టింది, డబ్బు విషయం కన్నా ఎక్కువగా.

నిలబెట్టి మణికట్టు నుంచి నేలకు ఎంత ఉందో టేపుతో కొలవలేదు, ఎత్తు అడిగి రాసుకున్నాడు. ఒకే ఎత్తున్న ఇద్దరికి చేతుల పొడుగు ఒకేలా ఉండదు కదా, క్లబ్ పొడుగు దాన్ని బట్టే మొదలవ్వాలి. నేను తెచ్చుకున్న బంతులు పక్కన పెట్టి అరిగిపోయిన రేంజ్ బంతులు ఇచ్చాడు. మీ గదిలో బంతి వల దాకా వెళ్ళేది కొద్ది అడుగులే, మిగతా దూరమంతా మిషన్ లెక్క కట్టి చెప్పేదే, ఆ లెక్క బంతి బయల్దేరిన వేగం, కోణం, స్పిన్ మీద ఆధారపడుతుంది. నున్నగా అరిగిన బంతికి వచ్చే స్పిన్ నా బంతికి వచ్చే స్పిన్ ఒకటి కాదు.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. మొదటి షాఫ్ట్ వేసిన 7 ఐరన్‌తో కొట్టిన పన్నెండు బంతులు 106 నుంచి 111 యార్డుల మధ్య పడ్డాయి, అంటే క్యాడీతో కొలిపించుకున్న దూరానికి దగ్గరగానే. ఆ తర్వాత విరామం లేకుండా ఇంకో నాలుగు షాఫ్టులు మార్చాడు. స్క్రీన్ మీద లెక్క ప్రకారం నేను 74 బంతులు కొట్టాను. మామూలుగా 18 హోల్స్, అంటే పూర్తి రౌండ్, ఆడినా ఐరన్లతో అన్ని ఫుల్ షాట్లు కొట్టను. మణికట్టు లాగుతోందని చెప్పాను, "ఇంకో పది మేడమ్" అన్నాడు. చివరి బంతులు 94, 96 యార్డులు వచ్చాయి. రావూ మరి? మధ్యాహ్నం రెండు దాటింది, పొద్దున ఏడింటికి తిన్న ఇడ్లీ మీద ఉన్నాను. ఆ చివరి అంకెలు చూపించి, "సార్, మేడమ్‌కి లేడీస్ ఫ్లెక్స్ చాలు" (ఫ్లెక్స్ అంటే షాఫ్ట్ ఎంత వంగుతుందన్నది, లేడీస్ అంటే మెత్తనిది) అని మా ఆయనకు చెప్పి ఆర్డర్ రాసేశాడు.

ఆ అబ్బాయి కొలిచింది నా అలసటను. మొదటి షాఫ్ట్‌కు తాజాగా ఉన్న మనిషి కొట్టింది, అయిదో దానికి చెయ్యి లేవని మనిషి కొట్టింది, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పది నిమిషాలు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మళ్ళీ మొదటి షాఫ్ట్‌తో నాలుగు బంతులు కొట్టించి ఉంటే తేడా షాఫ్ట్‌దో నాదో తేలిపోయేది. పైగా ఫ్లెక్స్ పేర్లకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక ప్రమాణం లేదు, ఒకరి లేడీస్ ఇంకొకరి సీనియర్‌కు దగ్గరగా ఉండొచ్చు. అందుకే షాఫ్ట్ బరువెంత, ఏ మోడల్ అన్నది కూడా రాయాలి, నా ఆర్డర్ షీటులో ఆ గడి ఖాళీగా ఉంది. కొట్టించింది 7 ఐరన్ ఒక్కటే. 6 ఐరన్ ఒక్క బంతి కూడా కొట్టించకుండా అమ్మేశారు, నేను వద్దనుకుంటూ గీత గీసి తెచ్చిన 6 ఐరన్‌ని. శాండ్ వెడ్జ్ బౌన్స్, అంటే దాని అడుగుభాగం ఎంత ఒంపుగా కిందికి ఉబ్బి ఉంటుందన్నది, దాని గురించి మాటే లేదు. ఎండాకాలంలో మా దగ్గర నేల గట్టిది, బౌన్స్ ఎక్కువుంటే క్లబ్ నేలకు తగిలి ఎగిరి బంతి నడుముకు కొడుతుంది, ఇప్పుడు నాకు జరుగుతున్నది అదే.

ఇదంతా ఫిట్టింగ్ తప్పు. దీని మీద తయారీ తప్పు ఇంకొకటి ఉంది. మీ షీటులో 7 ఐరన్ పొడుగు 36.5 అంగుళాలు, లై 2 డిగ్రీలు ఫ్లాట్ చేసి (కోణం తగ్గించి) 60.5, గ్రిప్ లేడీస్ సైజు అని ఉంది. ఇంటికొచ్చిన క్లబ్ టేపుతో కొలిస్తే 37 అంగుళాలు. క్లబ్బులు రిపేరు చేసే ఆయన దగ్గర మిషన్ మీద పెట్టిస్తే లై 62.5. గ్రిప్ మా ఆయన క్లబ్‌కు ఉన్న మందమే. అంటే మీరు స్టాక్‌లో ఉన్న కొలతలకే మెత్తని షాఫ్ట్ వేసి పంపారు. అర అంగుళం ఎక్కువైతే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు క్లబ్ తల ఎంత బరువుగా తోస్తుందన్న కొలత) దాదాపు మూడు పాయింట్లు పెరుగుతుంది, తల బరువుగా తోస్తుంది. పొడుగు ఎక్కువైనా, లై నిటారుగా ఉన్నా బంతి వెళ్ళేది ఎడమకే, మెత్తని షాఫ్ట్ కూడా అటే లాగుతోంది. నా సమస్య ఎడమకు పోవడమే కదా, దానికే కదా నేను మీ దగ్గరికి వచ్చింది! నాలుగు రౌండ్లు ఆడాను. 7 ఐరన్ ఇప్పుడు 99 యార్డులు, అదీ ఎడమవైపు రఫ్‌లోకి, అంటే పొడుగు గడ్డిలోకి. మణికట్టుకు మళ్ళీ క్రేప్ బ్యాండేజీ కట్టుకుని ఈ లేఖ రాస్తున్నాను.

"కస్టమ్ ఆర్డర్, రిటర్న్ ఉండదు" అన్న మాటకు నా జవాబు. మీరు సంతకం పెట్టిన షీటులో ఉన్న కొలతలు ఒకటి, పంపిన క్లబ్బుల కొలతలు ఇంకొకటి. నా కొలతకు కుట్టని జాకెట్టును నా కొలతకే కుట్టానని ఏ టైలరూ అనడు, ఇచ్చి పంపితే సరిచేసి ఇస్తాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అనే మాట ఇలాంటి వాటికే ఉంది. షీటు, టేపు ఫోటో, లై మిషన్ ఫోటో, బిల్లు, వాట్సాప్ మెసేజులు అన్నీ దాచాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. అక్కడిదాకా వెళ్ళాలని నాకు లేదు, నాకు కావాల్సింది ఆడటానికి పనికొచ్చే క్లబ్బులు.

మీరు చేయాల్సినవి చెబుతున్నాను. ఇంకో ఫిట్టర్‌తో, నా బంతులతో, నా కాగితం ముందు పెట్టుకుని, మధ్యలో విరామాలిస్తూ మళ్ళీ ఫిట్టింగ్ చేయండి, దానికి ఫీజు తీసుకోకండి. ఆ కొలతల ప్రకారం ఐరన్ల షాఫ్టులు, పొడుగు, లై, గ్రిప్పులు మీ ఖర్చుతో మార్చండి. 6 ఐరన్ వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి, హైబ్రిడ్ అవసరమైతే తేడా ఎంతో నేను కడతాను. శాండ్ వెడ్జ్ బౌన్స్ తక్కువది వేయండి. మార్చి 9 ఫీజు 6,000 తిరిగి ఇవ్వండి. తయారైన క్లబ్బులు పంపేముందు ప్రతి క్లబ్‌నూ కొలిచి, ఆ అంకెలు రాసిన కాగితం డబ్బాలో పెట్టండి.

ఇంకోటి నా కోసం అడగడం లేదు. మా కోచ్ చెప్పకపోతే నాకు ఏమీ తెలిసేది కాదు, మా గ్రూపులో ఒకావిడ మీ దగ్గరికే పొద్దున 18 హోల్స్ ఆడేసి వచ్చింది, రాకూడదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అపాయింట్‌మెంట్ మెసేజ్‌లో నాలుగు ముక్కలు ఎక్కువ రాయండి: ముందురోజు విశ్రాంతి తీసుకోమని, తిని రమ్మని, పాత క్లబ్బులు, గ్లవ్, ఆడే బంతి తెచ్చుకోమని, బంతి ఎక్కువగా ఎటు పోతుందో, ఒంట్లో ఎక్కడ నొప్పి ఉందో రాసుకురమ్మని. అలా రాసుకొచ్చిన వాళ్ల కాగితాన్ని, క్లబ్ చేతికిచ్చేముందు అయిదు నిమిషాలు చదవమని మీ ఫిట్టర్లకు చెప్పండి.

నా రెండు పేజీల కాపీ దీంతో జత చేస్తున్నాను. ఆర్డర్ షీటులో మీ వాళ్లు మా ఆయన నంబర్ రాసుకున్నారు. దాన్ని తీసేసి, వాట్సాప్‌లో ఫోటోలు పంపిన నా నంబర్‌కు సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయండి.

ఇట్లు,
మార్చి 9, 11 గంటల అపాయింట్‌మెంట్ కస్టమర్