చుక్కని మాకు మిగిల్చిన పెద్దాయనకి, మిగతా అందరికీ కృతజ్ఞతలు

మా గుర్రం చుక్క కడుపునొప్పి నుంచి తేరుకుని మళ్లీ లద్దె వేసి ఇవాళ్టికి నాలుగో రోజు. గుర్రాన్ని పెంచనివాళ్లకి ఇదీ ఒక విశేషమేనా అనిపించొచ్చు, పెంచేవాళ్లకి చెప్పక్కర్లేదు. 22 గంటలు లద్దె పడక, చివరికి తెల్లవారుజామున నాలుగింటికి పడ్డ ఆ నాలుగు ఉండలు చిన్నగా, గట్టిగా, పైన తెల్లటి జిగురు పొరతో ఉన్నాయి. వాటిని చేత్తో పట్టుకుని ఏడ్చాను. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే మన్నించండి.

ముందుగా ఆ పెద్దాయనకి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. ఆయనెవరో మాకు తెలియదు, మేమెవరమో ఆయనకి తెలియదు. దారిన పోతూ, గోడ మీంచి చుక్క నేల మీద పొర్లడం చూసి బండి ఆపారు. నలభై ఏళ్లు గుర్రాలకి లాడాలు కొట్టిన మనిషి. లోపలికి వస్తూనే అడిగిన మొదటి మాట "దీని పేరేంటి తల్లీ?" అని. ఆ తర్వాత చెయ్యి వేసిన ప్రతిసారీ "చుక్కా, ఇదిగో ఇక్కడ పట్టుకుంటున్నా" అని దానికి చెప్పి మరీ పట్టుకున్నారు. పందొమ్మిదేళ్ల ముసలి ఆడగుర్రాన్ని ఇంకా ఎందుకు పెట్టుకున్నారని అడగని మనిషిని ఈ ఏడాది ఆయన్నొక్కరినే చూశాను.

అప్పటికే చుక్క ముందుకాలితో నేల గీరుతోంది, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటోంది, పెదవి పైకి ముడుస్తోంది. ఆయన ముందు దాణా తొట్టి, గడ్డి, కింద పరిచిన వరిగడ్డితో సహా నోటికి అందేదంతా తీయించేశారు. నీళ్లు మాత్రం ఉంచారు. దవడ ఎముక కింద వేళ్లు పెట్టి నాడి చూడడం నేర్పారు: 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. కదలకుండా నిలబడ్డ గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. చుక్కకి 56 ఉంది. 60 దాటితే ఇక ఒక్క నిమిషం కూడా ఆగకూడదన్నారు. పైపెదవి ఎత్తి చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. డొక్క రెండు వైపులా, పైనా కిందా చెవి ఆనించి వినాలి. మామూలుగా గుడగుడమంటూ ఉండాల్సిన చోట కుడివైపు ఏ చప్పుడూ లేదు. వానలో, తడిసిన చొక్కాతో, ఆయన చెవి అక్కడే ఆనించి పది నిమిషాలు కదల్లేదు. ఆ పది నిమిషాలూ నేను మర్చిపోలేను.

పక్కనున్న వాళ్లెవరో సీసాతో నూనె పోద్దామన్నారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టేశారు. గుర్రం నోట్లో బలవంతంగా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే శూల (ఈ కడుపునొప్పి) నుంచి బయటపడ్డా ఆ జబ్బుతో పోతుంది. ఇంట్లో ఉన్న నొప్పి మందు సూది కూడా డాక్టర్ మాట లేకుండా వేయనివ్వలేదు. నొప్పి అణిగితే లోపలేం జరుగుతోందో వచ్చే డాక్టర్‌కి అంతుచిక్కదట. పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించి కాసేపు నిలబెట్టడం, మళ్లీ నడిపించడం, అంతే. రాత్రంతా తిప్పి గుర్రాన్ని అలసగొట్టడం పాత అలవాటేగానీ మంచిది కాదన్నారు. గుర్రానికి వాంతి చేసుకోవడం రాదు, లోపలి జీర్ణాశయం చిన్నది. లోపల అడ్డుపడితే వెనక్కి దారి లేదు. అందుకే గంటలు లెక్క.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. రాత్రి అత్యవసరానికని రాసిపెట్టిన నంబరుకి పదకొండు సార్లు చేశాం. ఎత్తిన ఒక్కసారీ "పాడి పశువైతేనే వస్తాం" అన్నారు. ఇంకోచోట ముందు మొత్తం డబ్బు కట్టాకే బయల్దేరతామన్నారు. గుర్రం ఉందంటే ఇంట్లో డబ్బుందని ఎవరు రాశారు ఆ నిబంధన? సాయం అడిగే ప్రతి కాగితంలోనూ గుర్రం విలాసం కిందికే వస్తుంది. దాని కడుపులో నొప్పి మాత్రం ఆవు కడుపులో నొప్పిలాంటిదే. చివరికి పెద్దాయన తనకి తెలిసిన డాక్టరమ్మకి ఫోన్ చేశారు. ఆమె సెలవులో ఉండి కూడా రాత్రి పదకొండింటికి వచ్చారు. చేతొడుగు వేసుకుని వెనకనుంచి తడిమి, పెద్దపేగులో మేత గడ్డకట్టిందని చెప్పి, ముక్కులోంచి గొట్టం వేసి ఉప్పు కలిపిన నీళ్లు పోశారు, నొప్పికి సూది వేశారు. తెల్లవారుజామున ఆ నాలుగు ఉండలు.

ఎందుకైందో మర్నాడు పెద్దాయనే విడమరిచి చెప్పారు, ఒక్క మాటతో కూడా మమ్మల్ని చిన్నబుచ్చకుండా. చేతిలో డబ్బు ఆడక మేము ఎండుగడ్డి తగ్గించి తవుడు పెంచాం. కడుపు నిండుతుంది కదా అనుకున్నాం. గుర్రం పేగుకి రోజంతా పీచు కదులుతూ ఉండాలి, అది తగ్గితే కదలికే మందగిస్తుంది. దానికి తోడు వట్టి తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం (కాల్షియం) తక్కువ. అదే ముఖ్యమైన మేతగా నెలల తరబడి పెడితే శరీరం ఎముకల్లోంచి సున్నం లాగేసుకుంటుంది. పైగా చుక్క పళ్లు అరిగి, నమిలిన గడ్డి ఉండలుగా కింద పడేస్తోంది. మేము దాన్ని మారాం అనుకున్నాం. నమలని గడ్డి, తక్కువ నీళ్లు, రెండూ కలిశాయి.

సంచిలోంచి కొలటేపు, వేలాడదీసే కాటా తీశారు. ముందుకాళ్ల వెనకాల రొమ్ము చుట్టుకొలత 170 సెంటీమీటర్లు, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవు 160. చుట్టుకొలతని చుట్టుకొలతతో హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 11,880తో భాగించాలి. 389 కిలోలు వచ్చింది. బరువులో 2 శాతం ఎండుమేత అంటే దగ్గర దగ్గర 8 కిలోలు. ఎంత ఇబ్బందిలోనైనా 1.5 శాతానికి, అంటే సుమారు 6 కిలోలకి తగ్గకూడదు. మేము మోపుల లెక్కన పెడుతున్నది కాటాకి తగిలిస్తే 4 కిలోలైనా లేదు. నాకు కాళ్లు వణికాయి. ఆయన "ఇప్పుడు తెలిసింది కదా తల్లీ" అని కాటా నా చేతిలో పెట్టారు. తిరిగి తీసుకోలేదు.

ఆ తర్వాత గంటసేపు కూర్చుని మా ఖర్చుల చిట్టా చదివారు. దేంట్లో తగ్గించాలో, దేంట్లో తగ్గించకూడదో మాకు అప్పుడే తెలిసింది. డబ్బాల్లో వచ్చే బలం పొడులు మానేయమన్నారు. రోజుకి 40 గ్రాముల మామూలు ఉప్పు చాలు. నెలనెలా నులిపురుగుల మందు వద్దు, ముందు లద్దె పరీక్ష చేయించాలి. గ్రాము లద్దెలో 200 పురుగు గుడ్ల లోపుంటే ఇలాంటి పెద్ద గుర్రానికి సాధారణంగా మందు అవసరం పడదు, ఊరికే వేస్తూ పోతే పురుగులే మందుకి అలవాటు పడతాయి. వారానికి రెండుసార్లు మేసేచోట లద్దె ఎత్తేస్తే సగం పని అయినట్టే. గడ్డి నేలమీద వేస్తే తొక్కి పాడుచేస్తుంది, సన్నకళ్ల వలలో కడితే వృథా తగ్గి, నెమ్మదిగా ఎక్కువసేపు తింటుంది. తగ్గించకూడనివి మూడు: ఏడాదికోసారి పళ్లు అరగదీయించి సరిచేయించడం, ధనుర్వాతం టీకా, డెక్కలు.

డెక్కలు మేమే వాయిదా వేశాం. ఆరు నుంచి ఎనిమిది వారాలకి చెక్కించాల్సింది పదకొండు వారాలైంది. మెత్తటి నేల, బరువు పని లేదు కాబట్టి లాడాలు అక్కర్లేదని చెప్పి, ఆకురాయి తీసి నాలుగు కాళ్లూ ఆయనే చెక్కారు. అడుగున మెత్తటి త్రికోణం పక్క గాడుల్లో నల్లటి పుచ్చు, కుళ్లు వాసన. తడి పరుపే కారణం. రోజూ గాడులు గీకి శుభ్రం చేసి, నిలబడే చోటు పొడిగా ఉంచమన్నారు. డెబ్బై దాటిన మనిషి, నడుం వంచి గంటన్నర. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. వెళ్లేముందు మా బకెట్లు కడిగి బోర్లించి వెళ్లారు.

ఇప్పుడు చుక్క గుప్పెడు గుప్పెడు నానబెట్టిన గడ్డి తింటోంది, రెండు గంటలకోసారి. పాత మేత నుంచి కొత్తదానికి పది పన్నెండు రోజుల్లో మెల్లగా మారుస్తున్నాం. చలిగా ఉన్నప్పుడు గోరువెచ్చని నీళ్లు పెడితే ఎక్కువ తాగుతోంది. రోజుకి 25 లీటర్లకి తగ్గకుండా చూస్తున్నాం. నాడి ఈ ఉదయం 38.

ఇంట్లోవాళ్లు వంతులేసుకుని మేలుకున్నారు. వాళ్లకి వేరే చెప్పేదేముంది.

డాక్టరమ్మకి సగం డబ్బే ఇవ్వగలిగాం, మిగతాది వీలైనప్పుడన్నారు. ఇది పైనే రాయాల్సింది. వానలో రెండు గంటలు టార్చి పట్టుకున్న పక్కింటి అబ్బాయికి కూడా. అయ్యో, లద్దె నమూనా పరీక్షకి పట్టుకెళ్లిన అతను, పొడి పరుపు కోసం రంపపు పొట్టు రెండు బస్తాలు గేటు దగ్గర పెట్టి పేరు చెప్పకుండా వెళ్లినవాళ్లు. ఆ పొట్టు బాగా పొడిగా ఉంది, దుమ్ము లేదు, చుక్క దానిమీదే పడుకుంది.

ఇంకొకరు, ఇప్పుడే గుర్తొచ్చింది: కొలతకి వీలుగా 20 లీటర్ల బకెట్లు రెండు ఇచ్చిన ఎదురింటి అత్తగారు. అవి ఇంకో వారం ఉంచుకుంటాం అత్తయ్యా, కడిగి తెచ్చిస్తాను.