కీ వాచీలు, ఆటోమేటిక్‌లు ఇకపై రెండు మూడు రోజులు ఆలస్యం

తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట నుంచి మా దగ్గర వాచీలు సర్వీసుకిచ్చే వాళ్లందరికీ. ఈ నెల నుంచి సర్వీసయ్యాక ప్రతి వాచీకీ ఫుల్‌గా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టి, దానంతటది ఆగేదాకా వదిలేస్తాం. ఎన్ని గంటలు నడిచిందో బిల్లు మీద రాసిస్తాం. ఆలస్యం అందుకే. 80 గంటలు నడిచే పవర్‌మ్యాటిక్ 80 మెషీన్ అయితే ఈ ఒక్క పరీక్షకే మూడు రోజులు దాటుతుంది.

'డయల్ మీద ఇంకా ఎంతసేపు నడుస్తుందో చూపే పవర్ రిజర్వ్ ముల్లుంది కదా, మళ్లీ ఇదెందుకు?' అని అడుగుతున్నారు. ఆ ముల్లు స్ప్రింగు బలాన్ని కొలవదండీ. కీ ఇస్తే బ్యారెల్ (స్ప్రింగు ఉండే డబ్బా) ఇరుసు తిరుగుతుంది, వాచీ నడిస్తే బ్యారెల్ తిరుగుతుంది. ఆ రెంటి తేడానే పళ్ల చక్రాలు ముల్లుకు అందిస్తాయి. చెయ్యి కదిలితే దానంతటదే కీ ఎక్కే ఆటోమేటిక్‌లో స్ప్రింగు చివర బ్యారెల్ గోడను పట్టుకుని ఉండి, నిండాక మాత్రమే జారాలి. గోడకు రాసే గ్రీజు ఎండినా, వేరే రకం రాసినా ముందే జారిపోతుంది. అప్పుడు కూడా చాలా వాచీల్లో ముల్లు ఫుల్లే చూపిస్తుంది. 41 గంటలు నడవాల్సింది పాతిక గంటలకే ఆగుతుంది. ముల్లును పక్కకు బిగించినా లెక్క తప్పుతుంది.

అలాగని ముల్లు దండగ కాదు. చేత్తో కీ ఇచ్చే వాచీకి అది బంగారం. స్ప్రింగు అడుగంటేకొద్దీ అటూ ఇటూ ఊగి టైమును నడిపే బ్యాలెన్స్ చక్రం ఊపు 280 డిగ్రీల నుంచి 200 దాకా పడిపోతుంది, టైము తేడా వస్తుంది. ముల్లు చివరి పావులోకి దిగకముందే కీ ఇవ్వండి. హెచ్‌ఎంటీ జనతాకు ముల్లు లేదు కాబట్టి రోజూ ఒకే వేళకు ఇవ్వండి. బిగిసిందంటే ఆపేయండి, ఇంకో అర చుట్టు కూడా వద్దు.

రోజంతా పెట్టుకునే ఆటోమేటిక్‌కు మాత్రం ముల్లు కోసం అదనంగా ఖర్చు పెట్టమని మేం చెప్పం. కౌంటర్లో కూర్చునేవాళ్లకైతే పనికొస్తుంది. అలిపిరి మెట్లెక్కితే ఫుల్లయిపోతుందనుకునేరు, చెయ్యి కడ్డీ మీదే ఉంటే లోపల కీ ఎక్కించే రోటర్ ఏం తిరుగుతుంది? సీకో వాళ్ల ఎన్‌హెచ్ 35 ఆటోమేటిక్ మెషీన్ ఆగిపోతే కీని కనీసం 55 చుట్లు తిప్పండి.

పెళ్లికో ప్రయాణానికో అర్జెంటుంటే ముందే చెప్పండి, పరీక్ష చేయకుండా ఇచ్చేస్తాం. తర్వాత తీరిగ్గా తెస్తే పరీక్షకు డబ్బులు తీసుకోం.