వీధి వైపు గదులను ఈ చలికాలం తెరవడం లేదు

ఏటా మా ఇంట దిగే ఆత్మీయ అతిథులకు నమస్కారం.

వియన్నాలోని మా అతిథిగృహంలో వీధి వైపున్న రెండు గదులను ఈ చలికాలమంతా మూసి ఉంచుతున్నాను. వాటికి ముందుగా డబ్బు కట్టిన వారందరికీ పూర్తి మొత్తం తిరిగి పంపాను. లోపలి ముంగిలి వైపు గదులు ఎప్పటిలాగే తెరిచి ఉన్నాయి. ఈ నిర్ణయానికి కారణమేమిటో మీకు నేనే చెప్పాలి.

కిందటి చలికాలం వీధి గదుల్లో చలిగాలి దూరుతోందని మీలో కొందరు చెప్పారు. అది నిజమే. మేము అద్దెకు తీసుకున్న అంతస్తు 1870ల నాటి భవనంలోది. పాత కోటగోడలను పడగొట్టమని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆదేశించాక, ధనిక వర్తకుల కోసం ఈ నగరంలో లేచిన ఇళ్ల కోవకు చెందినది. రక్షిత కట్టడం కనుక, ఇక్కడి చట్టం ప్రకారం పరిరక్షణ కార్యాలయం అనుమతి లేకుండా దీని రూపాన్ని మార్చకూడదు. అందుకే పాత కిటికీలనే బాగుచేయిస్తామని రాసిచ్చి అనుమతి తీసుకున్నాము.

వీటిని ఇక్కడ కాస్టెన్‌ఫెన్‌స్టర్ అంటారు. ఒకదాని వెనుక ఒకటిగా రెండు వరుసల రెక్కలు, వాటి మధ్య నిలిచిన గాలి: చలిని ఆపేది ఆ గాలే. లోపలి వరుస బిగుతుగా, బయటి వరుస కొద్దిగా వదులుగా ఉండాలి. గదిలోని తేమ ఎంతో కొంత మధ్యకు చేరక మానదు. బయటికి దారి లేకపోతే అది చల్లని బయటి అద్దం మీద నీరై పేరుకుంటుంది, ఆ నీరు కిందికి జారి కొయ్యను తినేస్తుంది.

మార్చిలో నాలుగు కిటికీల 32 రెక్కలనూ ఒక వడ్రంగి తీసుకువెళ్లాడు. జూన్‌లో ఇస్తానన్నవాడు అక్టోబరులో తెచ్చాడు. రబ్బరు పట్టీలు లోపలి రెక్కలకు వేయమని కాగితం మీద రాసిస్తే బయటి రెక్కలకు వేశాడు. అవిసె నూనెతో కలిపిన లప్పం ఉండవలసిన చోట ట్యూబులో దొరికే జిగురు పూశాడు. అన్నిటికన్నా బాధ కలిగించింది అద్దాల సంగతి. పాతకాలపు ఊదిన అద్దంలోంచి చూస్తే ఎదుటి ఇంటి గోడ సన్నని అలలా కదిలినట్టుండేది, మీలో చాలామంది దానిని ఫొటో తీసుకున్నారు. మూడు రెక్కల్లో ఇప్పుడు చదునైన కొత్త అద్దాలున్నాయి. పాతవి పగిలాయన్నాడు, ముక్కలైనా ఇవ్వమంటే పారేశానన్నాడు.

క్రిస్మస్‌కు ఇలాగే తెరవండి, అతిథులకు ఏం తెలుస్తుంది, అని కూడా అన్నాడు. పదకొండేళ్లుగా మీరు నా దగ్గరికే ఎందుకు వస్తున్నారో తెలియని మనిషి మాట అది. అయినా ఆ గదులు లేకపోతే చలికాలపు ఆదాయం సగం పోతుంది కాబట్టి వెంటనే వద్దనలేకపోయాను. మూడు వారాలు ఆ గదుల్లోనే పడుకున్నాను. తెల్లవారేసరికి బయటి అద్దం మీద నీరు ధారగా కారుతుండేది, రోజూ లేవగానే గుడ్డతో తుడిచేవాణ్ణి. నాలుగో వారం ఒక రెక్క ఉబ్బి మూతపడలేదు. ఆ ఉదయమే గదులకు తాళం వేశాను.

చివరి వాయిదా సొమ్ము ఆ వడ్రంగికి ఇవ్వలేదు, ఇవ్వను. అనుమతిలో లేని అద్దాల మార్పు గురించి పరిరక్షణ కార్యాలయానికి నేనే రాసి తెలియజేశాను. బయటి రబ్బరు పట్టీలను నా చేతులతో ఊడదీశాను. పాత కిటికీల పనిలో అనుభవమున్న మరొకరు మార్చిలో వస్తారు. ఆయన ఆ కాలపు అద్దాల కోసం, కూల్చిన ఇళ్ల నుంచి వచ్చిన కిటికీల్లో వెతుకుతున్నారు. దొరకకపోతే ఆ మూడు రెక్కలు అలాగే ఉంటాయి, మిగిలినవి సరిగ్గా ఉంటాయి.

ముంగిలి గదుల అద్దె పెంచడం లేదు. వీధి గదులు ఎప్పుడు తెరుస్తానో మాత్రం ఇప్పుడు తేదీ ఇవ్వను. జూన్ అని ఒకసారి మీకు చెప్పి మాట తప్పాను. ఈసారి ఒక చలి రాత్రి నేను అందులో పడుకుని, పొద్దున అద్దం పొడిగా ఉండడం చూశాకే మీకు రాస్తాను.