మందుల ర్యాంకులు ఎలా వచ్చాయో కూడా రాయండి

సంపాదకులకు,

‘ఫలానా మందే నంబర్ వన్’ అని వార్త వేసేటప్పుడు ఆ ర్యాంకు ఎలా వచ్చిందో కూడా ఒక ముక్క రాస్తే బాగుంటుంది. చాలా మందులను ఒకదానితో ఒకటి నేరుగా ఎవరూ పోల్చి ఉండరు. రెండింటినీ విడివిడిగా మందు లేని డమ్మీ మాత్రతో పోల్చిన ట్రయల్స్ (రోగుల మీద చేసే పరీక్షలు) ఉంటాయి. వాటి నుంచి ఈ రెండింటి మధ్య తేడాను లెక్కకడతారు, నేరుగా పోల్చినవి ఉంటే వాటినీ కలుపుతారు. దీన్నే నెట్‌వర్క్ మెటా అనాలిసిస్ అంటారు. 2018లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ 522 ట్రయల్స్ కలిపి 21 డిప్రెషన్ మందులను ఇలాగే పోల్చింది.

పద్ధతి మంచిదే. కానీ ఒక మందు ట్రయల్స్‌లో జబ్బు ముదిరినవాళ్లు, రెండో మందు ట్రయల్స్‌లో అప్పుడే మొదలైనవాళ్లు ఉంటే పరోక్ష పోలిక తప్పుదారి పట్టిస్తుంది. నేరుగా వచ్చిన ఫలితం ఒకటి, పరోక్షంగా వచ్చింది ఇంకొకటి చెబితే ముందు కారణం వెతకాలి, సగటు తీసి చేతులు దులుపుకుంటే కుదరదు. పైగా మొదటి ర్యాంకుకూ నాలుగో ర్యాంకుకూ మధ్య తేడా ఒక్కోసారి లెక్కలోని అనిశ్చితి కంటే చిన్నది (హెడ్డింగ్‌లో అది ఎప్పుడూ కనిపించదు!). ఆ హెడ్డింగ్ చూసి వాడుతున్న మందు మానేసేవాళ్లూ ఉంటారు. ర్యాంకు పక్కనే ఆ అనిశ్చితి ఎంతో, నేరుగా పోల్చిన ట్రయల్స్ ఎన్నో వేయమని మనవి.

– ఒక పాఠకుడు