భీమిలిని నడిచేవాళ్లకు వదలండి

సంపాదకుల వారికి,

శనివారం మధ్యాహ్నం దాటితే విశాఖ నుంచి బయలుదేరే కార్లు రెండు దారులు పడతాయి. ఒకటి అరకు ఘాట్ రోడ్డు, రెండోది భీమిలి బీచ్ రోడ్డు. అరకు గోడు అరకువాళ్లే చెప్పుకోవాలి. నేను భీమిలి గురించి రాస్తున్నాను. వారాంతంలో కాస్త తెరిపిన పడదామనుకునే మనిషికి ఉత్తరాంధ్ర తీరంలో ఇంతకంటే అనువైన చిన్న ఊరు నాకు కనిపించలేదు. ఆ అనువును చేజేతులా పోగొట్టుకుంటున్నామన్నదే నా బాధ.

వచ్చేవాళ్లు చేసేదేమిటి? కారును ఇసుక అంచు దాకా తెచ్చి ఆపుతారు. తీరంలోని బొమ్మల పక్కన ఫోటోలు దిగుతారు. మిరపకాయ బజ్జీలు తింటారు. హారన్లు మోగించుకుంటూ వెనక్కి తిరుగుతారు. ఊళ్లోకి తొంగిచూసేవాళ్లు తక్కువ. ‘భీమిలి చూశాం, ఏముంది అక్కడ’ అని ఆ తరవాత వాళ్లే అంటారు.

కారు దిగకపోతే కనిపించదు మరి. ఇది మోటారు బండ్లు పుట్టకముందే పెరిగిన రేవు పట్టణం. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి పోయింది. 1861లో పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలోని అతి పాత మునిసిపాలిటీలలో ఇదొకటి. మన పొలాల గోగునార ఈ రేవు పేరుతోనే ‘బిమ్లీ జూట్’గా విదేశీ మార్కెట్లలో అమ్ముడుపోయింది. సరుకు ఎడ్లబండి మీద, మనిషి కాలినడకన వచ్చిన రోజుల్లో వేసిన వీధులివి. అందుకే గంటస్తంభం, పాత చర్చి, దీపస్తంభం, డచ్చివారి సమాధుల తోట, భీమేశ్వరాలయం, అన్నీ తాపీగా కాళ్ల మీద తిరిగేంత దగ్గరలో ఉన్నాయి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చిన గోస్తనీ నది సముద్రంలో కలిసేదీ ఇక్కడే. ఊరి పక్కనే పావురాళ్లకొండ. దాని మీద బౌద్ధుల కాలపు శిథిలాలు, వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు, కొండకు ఇంకో పేరు తెచ్చిపెట్టిన నరసింహస్వామి గుడి. బకాసురుణ్ణి భీముడు చంపింది ఈ చోటే అని స్థలపురాణం. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం; కథ వింటూ కొండెక్కితే ఆయాసం మాత్రం తెలియదు.

ఇలాంటి ఊళ్లో రెండు రోజులు గడపడానికి కార్యక్రమం ఏమీ అక్కర్లేదు. తెల్లవారగానే తీరానికి పోతే పడవల నుంచి చేపలు దిగుతుంటాయి, ఆడవాళ్లు గంపల దగ్గర బేరమాడుతుంటారు. ఎండ ముదరకముందే కొండ దిగిరావాలి. మధ్యాహ్నం అన్నం, నిద్ర. మన ఎండలకు నడక ఊరంటే రెండు పూటల ఊరే. మిట్టమధ్యాహ్నం నడవమని నేను ఎవరికీ చెప్పను. పొద్దు వాలాక మళ్లీ వీధుల్లోకి రావచ్చు. సమాధుల మీద చెక్కిన పాత అక్షరాలు చదవడానికి ఏటవాలు వెలుతురే మంచిది. చిన్నపిల్లల చెయ్యి వదిలి నడవగలిగితే తల్లిదండ్రులకు అదే సగం విశ్రాంతి. మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లకు కూర్చోవడానికి నీడలో ఒక అరుగు దొరికితే వాళ్లూ వస్తారు.

ఇప్పుడు ఆ చెయ్యి వదలలేం. తీరం వీధిలో రెండు పక్కలా కార్లు, నడుమ ఇంకో వరుస కార్లు, వాటి సందుల్లోంచి మోటారు సైకిళ్లు. మనుషుల కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలని, రోడ్ల కొలతలు నిర్దేశించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ ప్రమాణం చెబుతోంది. భీమిలిలో అంత ఖాళీ బాట ఏ వీధిలో ఉందో చూపించగలిగిన అధికారికి నా నమస్కారాలు. పక్కనే భోగాపురంలో విమానాశ్రయం, విశాఖ నుంచి భీమిలి మీదుగా అక్కడికి తీరం వెంట ఆరు వరుసల రోడ్డు ఆలోచన. ఈ మాటలు వింటుంటే రేపటి సంగతి తలుచుకుని నాకు దడగా ఉంది. పెద్ద రోడ్డు ఊరి పక్కనుంచి పోతే బాగు. ఊరి నడుమ నుంచి పోతే ఇక చూడటానికి రోడ్డే మిగులుతుంది.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. శని, ఆదివారాల్లో సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా గంటస్తంభం నుంచి తీరం వరకు బయటి కార్లను, మోటారు సైకిళ్లను ఆపండి. ఊరి మొదట్లో ఖాళీ స్థలం చూసి అక్కడ బండ్లు నిలుపుకోనివ్వండి, రుసుము తీసుకోండి. అక్కడి నుంచి నడవలేనివారికి బ్యాటరీ బండ్లు నడపండి. మత్స్యకారుల ఆటోలు, ఐసు పెట్టెల బండ్లు, అంబులెన్సు, వీధిలో ఇళ్లున్నవారి వాహనాలు మామూలుగా తిరగాలి. సముద్రం ముందు మత్స్యకారులది, ఆ తరవాతే మనలాంటి షికారువాళ్లది. ఆ వరుస మారకూడదు.

ఇది గాలిలో మేడలు కట్టడం కాదు. మహారాష్ట్రలోని మాథేరాన్‌లో పర్యాటకుల కార్లు ఊరి బయటి దస్తూరి నాకా దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి కాళ్లో, గుర్రమో, 1907 నాటి చిన్న రైలో, ఈమధ్య వచ్చిన ఈ-రిక్షానో. అయినా జనం రావడం మానలేదు, కార్లు లేవనే వస్తారు. పుదుచ్చేరిలో సముద్రపు వీధిని సాయంత్రం నుంచి మర్నాడు పొద్దుటి దాకా వాహనాలకు మూసేస్తారు. అంత దూరం ఎందుకు, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులోనే పొద్దుటి పూట నడిచేవాళ్ల కోసం బండ్లు ఆపుతున్నారు కదా. నగరంలో సాధ్యమైనది, అదే మహా విశాఖ నగర పాలక సంస్థలో కలిసిన భీమిలిలో ఎందుకు కాదు?

కార్లు రాకపోతే బేరాలు పడిపోతాయని వర్తకులు భయపడతారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయను. వ్యాపారం చేసేది వాళ్లు, సలహాలు ఇచ్చేది నేను. కానీ కారులో వచ్చి కారులో పోయేవాడు ఒక్క దుకాణం ముందే ఆగుతాడు. నడిచేవాడు నాలుగింటి ముందు ఆగుతాడు. రాత్రికి ఉండిపోతే భోజనం చేస్తాడు, పొద్దున ఇడ్లీ తింటాడు, పోతూ ఎండుచేపలు కొంటాడు. ఊళ్లోని పాత పెంకుటిళ్లలో, మేడల్లో ఖాళీ గదులున్నవారు అతిథులకు ఇచ్చుకునేలా అనుమతులు తేలిక చేస్తే ఆ డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. ఇంకో మాట: ‘సుందరీకరణ’ పేరుతో బజ్జీల బండ్లను, ముంత మసాలా అమ్మేవాళ్లను ముందుగా తరమకండి. వీధి వ్యాపారుల రక్షణకు 2014 నుంచి చట్టమే ఉంది.

శుభ్రమైన మరుగుదొడ్లు, ముఖ్యంగా ఆడవాళ్లకు, కావాలి. వీధుల్లో వేప, కానుగ చెట్లు కావాలి. కొత్త సిమెంటు బొమ్మలు అక్కర్లేదు. సమాధుల తోట ముందు, కొండ మెట్ల దగ్గర తెలుగులో నాలుగు వాక్యాల పలకలు పెడితే పిల్లలు చదువుకుంటారు. ఇక బస్సు. సొంత బండి లేకుండా రావాలంటే తిరుగు బస్సు దొరుకుతుందన్న ధీమా ఉండాలి. ఆర్టీసీ శని, ఆదివారాల్లో బీచ్ రోడ్డు మీదుగా రాత్రి పది దాటాక కూడా విశాఖకు బస్సులు నడిపి, ఆ వేళలను స్టాపుల్లో రాసి పెడితే సగం కార్లు ఇంటి దగ్గరే ఉంటాయి.

ఏడాదికి ప్రణాళిక వేయమని అడగడం లేదు. పర్యాటక శాఖ, నగర పాలక సంస్థ, పోలీసులు కలిసి ఈ శీతాకాలంలో ఒక నెల పాటు శని, ఆదివారాల్లో అమలు చేసి చూడండి. నెల తిరిగాక బాగుందో లేదో నన్ను అడగవద్దు. ఆ వీధిలో కొట్లు పెట్టుకున్నవారిని, తీరం పక్కన కాపురముండేవారిని అడగండి. వాళ్లు వద్దంటే ఎత్తివేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశాఖపట్నం