పెడల్ కొనే ముందు అడాప్టర్ పిన్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు దగ్గర పడుతోంది. చర్చి క్వయర్లలో, కాలేజీ బ్యాండుల్లో గిటార్ వాయించే పిల్లలు మొదటిసారి ఎఫెక్ట్స్ పెడల్స్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు) కొనుక్కునే కాలం ఇది. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని కొనాలి అని రోజుల తరబడి మాట్లాడుకుంటారు. కరెంటు సంగతి వచ్చేసరికి ఇంట్లో ఏ అడాప్టర్ ఖాళీగా ఉంటే అది గుచ్చేస్తారు. కొత్త పెడల్ ఒక్క పూట కూడా మోగకుండా పోయేది అక్కడే. దయచేసి ఈ ఉత్తరం ప్రచురిస్తే కొందరి డబ్బయినా మిగులుతుంది.

చిన్న పెడల్స్‌లో దాదాపు అన్నిటికీ కావలసింది 9 వోల్టుల డీసీ. అందులో మధ్య పిన్ మైనస్, బయటి గొట్టం ప్లస్. వైఫై రూటరుకు, సీసీ కెమెరాకు వచ్చే అడాప్టర్లు సాధారణంగా 12 వోల్టులవి, వాటికి మధ్యలో ప్లస్. చిక్కేమిటంటే రెండిటి ప్లగ్గూ ఒకే కొలత: బయట 5.5 మిల్లీమీటర్లు, లోపల 2.1. చక్కగా దూరిపోతుంది. అలా ఉల్టా కరెంటు వెళ్తే పెడల్‌లో డీసీ సాకెట్ పక్కన ఉండే కరెంటును ఒక వైపే పోనిచ్చే నల్లటి చిన్న డయోడ్, చాలావాటిలో 1ఎన్4001, ఆ దెబ్బ తాను తింటుంది. అడాప్టర్ బలహీనమైనదైతే అదే ఆగిపోతుంది, పెడల్ బతుకుతుంది. రెండు ఆంపియర్లదైతే కాలిన వాసన వచ్చి పెడల్ చచ్చిపోతుంది. ఆ డయోడ్ షార్ట్ అయి ఆగితే అదృష్టం, కొద్ది రూపాయల డయోడ్ మారిస్తే పెడల్ మళ్లీ పలుకుతుంది. డయోడ్ తెగిపోతే మాత్రం వెనకున్న ఐసీలూ (చిప్‌లు) పోతాయి. పిన్ సరిగ్గానే ఉన్నా 12 వోల్టులు తట్టుకోలేని పెడల్స్ కూడా ఉన్నాయి. లోపల వోల్టేజీని పెంచే చిప్ వాడే ఓవర్‌డ్రైవ్‌లు (శబ్దాన్ని చిట్లించి గరుకుగా చేసే పెడల్స్) ఆ రకం. అలాంటి ఒక చిప్, మ్యాక్స్1044, గరిష్ఠంగా తట్టుకునేది 10.5 వోల్టులే.

చూసుకోవడం అర నిమిషం పని. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర ప్రోబ్ ప్లగ్ లోపలి రంధ్రంలోకి, నల్లది బయటి గొట్టానికి ఆనించండి. అంకె ముందు మైనస్ గుర్తు కనిపించాలి. మైనస్ 9 వస్తే అది పెడల్ అడాప్టర్. గుర్తు లేకుండా ఉత్త 9 వస్తే పక్కన పెట్టేయండి. పవర్ బ్యాంకు నుంచి రూటర్ నడుపుకోవడానికి అమ్మే 9 వోల్టుల వైర్లు మధ్యలో ప్లస్‌తోనే వస్తాయి కాబట్టి వాటినీ ఇలాగే చూడాలి.

ఆంపియర్ల విషయంలో అనవసరమైన భయం ఒకటుంది. వోల్టులు సరిపోయినప్పుడు అడాప్టర్ ఎక్కువ ఆంపియర్లదైతే ఏమీ కాలదు, పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే ఇబ్బంది. మామూలు ఓవర్‌డ్రైవ్‌కు 10 మిల్లీ ఆంపియర్లు చాలు. శ్రుతి చూపించే ట్యూనర్‌కు లైట్ల వెలుగును బట్టి 30 నుంచి 90, స్వరాన్ని కాస్త ఆగి తిరిగి వినిపించే డిజిటల్ డిలేకు 50 నుంచి 100, పెద్ద హాలులో మోగినట్టు చేసే డిజిటల్ రివర్బ్‌కు ఒక్కోసారి 300. పెడల్ అడుగున రాసి ఉన్న అంకెలన్నీ కూడి, వచ్చిన మొత్తానికి సగం అదనంగా చేర్చి అంత సామర్థ్యమున్నది కొనండి.

ఇక గుయ్‌మనే శబ్దం. ఒకే అడాప్టర్‌కు ఐదు కొమ్మల వైరు తగిలించి అన్ని పెడల్స్‌కూ ఇస్తే అనలాగ్ పెడల్స్ (డిజిటల్ చిప్ లేనివి) వరకు బాగానే ఉంటుంది. వాటి మధ్య ఒక డిజిటల్ డిలే చేరగానే దాని చిప్‌ను నడిపే గడియారపు (క్లాక్) చప్పుడు ఆ వైరు గుండానే ఓవర్‌డ్రైవ్‌లోకి ఎక్కి సన్నటి ఈలలా వినిపిస్తుంది. గెయిన్ (శబ్దం చిట్లే మోతాదు) పెంచితే అదీ పెరుగుతుంది. ఒక్కో పెడల్‌కు ఒకదానితో ఒకటి కలవని కరెంటు ఇచ్చే ఐసొలేటెడ్ పవర్ సప్లై దీనికి సరైన మందు. డబ్బు చాలకపోతే అనలాగ్ పెడల్స్ అన్నిటికీ ఒక అడాప్టర్, డిలేకు విడిగా మరొకటి ఇచ్చినా పని జరుగుతుంది. ఐసొలేటెడ్ అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. ప్లగ్ పీకేసి, మల్టీమీటర్‌ను బీప్ దగ్గర పెట్టి, రెండు అవుట్‌పుట్ల బయటి గొట్టాలను తాకించి చూడండి. బీప్ వచ్చిందంటే అది డబ్బాలో దాచిన కొమ్మల వైరే.

మొదటి సెట్టుకు నాలుగు పెడల్స్ చాలు. గిటార్ నుంచి వరుసగా ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, కోరస్ (ఒక గిటార్‌ను రెండు మూడు కలిసి మోగినట్టు చేసేది), డిలే. డిలేను ఓవర్‌డ్రైవ్ ముందు పెడితే తిరిగొచ్చే ప్రతి స్వరమూ, ఇప్పుడు మీటుతున్న స్వరమూ కలిసి ఒక్కసారే చిట్లుతాయి, ముద్దైపోతుంది. వెనక పెడితే ప్రతిధ్వని దేనికది విడిగా వినిపిస్తుంది. ఓవర్‌డ్రైవ్ కన్నా గరుకుగా మోగే పాత ఫజ్ ఫేస్ రకం ఫజ్ పెడల్ ఒక్కటి ట్యూనర్ ముందుండే ఈ వరుసకు మినహాయింపు. దాని ముందు బఫర్ (గిటార్ సంకేతాన్ని బలంగా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) ఉన్న ట్యూనర్ పెడితే గీరినట్టు మోగుతుంది, గిటార్ వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. దాన్ని అన్నిటికన్నా ముందు పెట్టాలి.

పెడల్స్ అన్నీ అమర్చే పలకకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బాగుంటుంది. బాస్ కంపెనీ పెడల్ వెడల్పు 73 మిల్లీమీటర్లు. నాలుగూ కలిపి 292, మధ్యలో జాకుల కోసం మూడు చోట్ల మూడేసి సెంటీమీటర్లు, అంచులు కలుపుకుంటే 45 సెంటీమీటర్ల పలక సరిపోతుంది. వెల్క్రో అంటించే ముందు పెడల్ అడుగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకపోతే వేసవిలో జిగురు జారిపోతుంది.

కేబుల్ పొడుగు గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పీకోఫ్యారడ్ల కెపాసిటెన్స్ (పై స్వరాలను మింగేసే గుణం) ఉంటుంది. బఫర్ లేకుండా పది మీటర్లు లాగితే 1000 అవుతుంది, తీగల మెరుపు పోయి దుప్పటి కప్పినట్టు మోగుతుంది. గిటార్ నుంచి పలక వరకు మూడు మీటర్లు, అక్కడి నుంచి యాంప్‌కు ఐదారు మీటర్లు ఉంచుకోండి. వరుసలో బఫర్ ఉన్న పెడల్ ఒకటైనా ఉండాలి.

చిన్న ప్యాచ్ కేబుల్స్ సొంతంగా సోల్డర్ చేసుకునేవారికి ఒక మాట. మంచి గిటార్ వైరును చెక్కితే రాగి అల్లిక కింద, లోపలి ఇన్సులేషన్ మీద నల్లటి ప్లాస్టిక్ పొర పలచగా కనిపిస్తుంది. చూడ్డానికి ఇన్సులేషన్‌లాగే ఉంటుంది కానీ దాని గుండా కరెంటు పారుతుంది. దాన్ని మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి చెక్కేయాలి. అది జాక్ కొనకు తగిలితే మల్టీమీటర్ బీప్ అనదు, అంతా సవ్యంగానే ఉన్నట్టు అనిపిస్తుంది, పాట మధ్యలో శబ్దం సన్నబడిపోతుంది. ఓమ్‌ల రేంజిలో కొనకూ గొట్టానికీ మధ్య కొలిస్తే లీకు బయటపడుతుంది.

మన చర్చిల్లో చాలాచోట్ల గిటార్ యాంప్ ఉండదు, పెడల్స్ నుంచి నేరుగా మిక్సర్‌కే. ఓవర్‌డ్రైవ్ నొక్కగానే తేనెటీగలు ముసిరినట్టు వస్తే పెడల్‌ను తిట్టకండి. గిటార్ యాంప్ స్పీకరు సుమారు 5000 హెర్ట్జ్ దాటాక పలకడం బాగా తగ్గించేస్తుంది, హాలు స్పీకర్లు అంతకు మించినదంతా వినిపిస్తాయి. చివర్లో యాంప్ స్పీకరులాగే పై శబ్దాలను తగ్గించే క్యాబ్ సిమ్యులేటర్ పెడల్ ఉండాలి. అది కొనేదాకా గెయిన్, టోన్ రెండూ సగానికి దించి వాయించండి. జాక్ నుంచి మైకు సాకెట్‌కు మార్చే వైరుతో పెడల్‌ను తగిలించొద్దు. ఆ చానెల్‌లో మైకుల కోసం మిక్సర్ పంపే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు వేసి ఉంటే అది పెడల్‌లోకి ఎదురొస్తుంది. మధ్యలో డీఐ బాక్స్ (గిటార్ సంకేతాన్ని మైకు సాకెట్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) పెట్టాలి.

ఆఖరిది ప్రాణం మీదికి వచ్చే సంగతి. హమ్ (గుయ్‌మనే శబ్దం) తగ్గుతుందని యాంప్ ప్లగ్ మూడో పిన్ విరగ్గొట్టడం, టేప్ చుట్టడం కనిపిస్తూనే ఉంది. ఆ పిన్ ఎర్త్. తీగలు తాకితే హమ్ తగ్గుతోందంటే గిటార్‌లో షీల్డింగ్ తక్కువని, అది ప్రమాదం కాదు. తీగల మీద చెయ్యుండగా మైకుకు పెదవి తగిలి చురుక్కుమంటే మాత్రం ప్రమాదమే. స్టోన్ ద క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వీ 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో ఎర్త్ సరిగా లేని మైకు తాకి వేదిక మీదే చనిపోయాడు. ఫంక్షన్ హాళ్ల వాళ్లకు, పందిళ్లకు కరెంటు ఇచ్చే వాళ్లకు విన్నపం: వేదిక లైనుకు ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) రెండూ ఉండేలా చూడండి. వాయించేవాళ్లు పాట మొదలయ్యే ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల దగ్గర పెట్టి, ఒక ప్రోబ్ గిటార్ తీగకు, రెండోది మైకు జాలీకి ఆనించండి. ఒకటి రెండు వోల్టులు దాటితే తీగ ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇట్లు,
గిటార్ ఎఫెక్ట్స్ సర్వీసింగ్ చేసే ఒక పాఠకుడు,
విజయవాడ